రకరకాల మనుషులున్న చోట చందాలు తగ్గుతాయన్నది నిజమేనా?

నాలుగో_బ్లాక్
మా కాంప్లెక్స్ కమిటీలో చందాల పని నేను చూస్తాను. ఇక్కడ ఐదారు భాషలవాళ్ళు, అన్ని మతాలవాళ్ళు, సొంతిల్లు ఉన్నవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు అందరూ కలిసే ఉంటారు. ఇంతకుముందు నేనున్న చోట దాదాపు అందరం ఒకే భాష, ఒకే తరహా కుటుంబాలు. అక్కడ ఎవరికైనా ఆపద అంటే చాలు, సాయంత్రానికల్లా కావాల్సినంత పోగయ్యేది. ఇక్కడ ఈమధ్య హౌస్‌కీపింగ్‌లో చేసే ఆవిడ కొడుక్కి గుండె ఆపరేషన్ అని కలెక్షన్ మొదలుపెట్టాం. తలుపు కొట్టిన ఇంట్లో ఎవరూ కాదనలేదు, ఏదో ఒకటి చేతిలో పెట్టారు, కానీ మొక్కుబడిగా. అదే మనుషులు తమ భాషా సంఘానికో తమ ప్రార్థనా మందిరానికో ఎంత పెద్ద మనసుతో ఇస్తారో నాకు బాగా తెలుసు. మీటింగ్‌లో ఒకాయన లేచి "ఇన్ని రకాల జనం ఉన్నచోట ఇంతే, ఎవరివాళ్ళకి వాళ్ళు" అని తేల్చేశాడు, ఎవరూ ఎదురు మాట్లాడలేదు. నాకది మింగుడుపడట్లేదు. డైవర్సిటీ పెరిగితే దానం నిజంగానే తగ్గుతుందా? ఎవరైనా సరిగ్గా లెక్కలు తీశారా? మీ అనుభవాలు కూడా చెప్పండి.

గాలివాటం
ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మనవాడు అనిపిస్తేనే చెయ్యి జేబులోకి పోతుంది. మనిషి స్వభావం అది.

వేపచెట్టు_నీడ
గాలివాటం గారూ, స్వభావం అనేస్తే చర్చ అక్కడే అయిపోయినట్టు కదా. నాకొక డౌట్, మీ పాత చోట ఎన్ని ఇళ్ళు, ఇప్పుడెన్ని ఇళ్ళు? చిన్న చోట అందరి మొహాలూ తెలుసు, పెద్ద చోట పక్క బ్లాకులో ఎవరుంటారో కూడా తెలీదు. అది సైజు తేడా అయ్యుండొచ్చు, భాషామతాల తేడా కాకపోవచ్చు.

నాలుగో_బ్లాక్
పాతది చాలా చిన్నదే, నిజమే. కానీ ఇక్కడ మా ఒక్క బ్లాకు వరకు తీసుకున్నా అంతే వచ్చింది.

లెక్కల_మనిషి
దీనిమీద లెక్కలున్నాయి, కొంచెం ఓపిగ్గా చదవండి. జేమ్స్ ఆండ్రియోని, అబిగైల్ పేన్, జస్టిన్ స్మిత్, డేవిడ్ కార్ప్ అని నలుగురు ఆర్థికవేత్తలు కెనడా జనాభా లెక్కలనీ అక్కడి పన్ను రిటర్నుల్లో చూపించిన విరాళాలనీ ప్రాంతాలవారీగా పక్కపక్కన పెట్టి చూశారు. ఒక ప్రాంతంలో జాతుల వైవిధ్యం 10 శాతం పాయింట్లు పెరిగితే విరాళాల మొత్తం 14 శాతం తగ్గింది, మతాల వైవిధ్యం అంతే పెరిగితే 10 శాతం తగ్గింది. కాబట్టి మీ మీటింగ్‌లో ఆయన గాల్లోంచి పుట్టించిన మాట కాదు అది.

కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది, దాన్ని చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. ఇచ్చే కుటుంబాల శాతం తగ్గినట్టు వాళ్ళకి ఎక్కడా ఆధారం దొరకలేదు. అంటే ఇచ్చేవాళ్ళు మానెయ్యలేదు, ఇచ్చే మొత్తం తగ్గించారు. నాలుగో_బ్లాక్ గారూ, మీరు రాసింది కూడా సరిగ్గా అదే చూడండి, ఎవరూ కాదనలేదు, తక్కువిచ్చారు. "ఎవరివాళ్ళకి వాళ్ళు" అనే మాటకి ఇది సరిపోదు. నిజంగా ఎవరివాళ్ళకి వాళ్ళే అయితే సగం తలుపులు మీ మొహాన పడేవి.

చిట్టి_మల్లె
వైవిధ్యం 10 శాతం పెరగడం అంటే ఏంటసలు? దాన్ని కొలిచేదెట్లా?

లెక్కల_మనిషి
చిట్టి_మల్లె గారూ, ఒక చోట ఉన్న జనంలోంచి ఇద్దర్ని లాటరీ తీసినట్టు తీస్తే ఆ ఇద్దరూ వేర్వేరు గుంపులవాళ్ళయ్యే అవకాశం ఎంత అన్నదే ఈ రంగంలో ఎక్కువగా వాడే కొలత. అందరూ ఒకటే గుంపైతే సున్నా. సగం సగం రెండు గుంపులైతే 50 శాతం. సమానంగా నాలుగు గుంపులుంటే 75, పది గుంపులుంటే 90. అదే 90 మంది ఒక రకం, 10 మంది ఇంకో రకం ఉన్నచోట అయితే 18 మాత్రమే. అందుకని "మా దగ్గర అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు" అని చెప్పుకునే చాలా చోట్ల లెక్క తీస్తే కొలత చిన్నదే వస్తుంది.

చిట్టి_మల్లె
ఇలా చెప్తే అర్థమైంది. స్కూల్లో మీరు చెప్పుంటే నేను లెక్కల్లో పాసయ్యేదాన్ని :)

పాత_కాపు
ఈ విషయంలో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం పేరు రాకుండా ఎలా. అమెరికాలో 2000లో 41 ప్రాంతాల్లో దాదాపు 30 వేలమందితో చేసిన సర్వే ఆధారంగా ఆయన 2007లో ప్రచురించిన వ్యాసం చాలా గొడవే రేపింది. రకరకాల జనం ఉన్నచోట్ల మనుషులు తాబేలు డిప్పలోకి ముడుచుకున్నట్టు ముడుచుకుంటారన్నాడు. వేరేవాళ్ళని నమ్మకపోవడం ఒకటే కాదు, సొంతవాళ్ళ మీద కూడా నమ్మకం తక్కువేనట. స్నేహితులు తక్కువ, స్వచ్ఛంద సేవ తక్కువ, దానం తక్కువ. గాలివాటం చెప్పిన "మనవాడు" సిద్ధాంతం ఇక్కడే దెబ్బతింటుంది, ఎందుకంటే మనవాడి మీద కూడా నమ్మకం తక్కువే కదా.

ఇంకోటి, ఆయన ఇదంతా కొంతకాలం వరకే అన్నాడు. వలస వచ్చినవాళ్ళతో నిండిన సమాజాలు కాలం గడిచేకొద్దీ "మనం" అనే గీతని చెరిపి ఇంకా పెద్దగా గీసుకుంటాయనీ, అప్పుడు ఆ ఐకమత్యం మళ్ళీ వస్తుందనీ అదే వ్యాసంలో రాశాడు. మొదటి సగం మాత్రం అందరి నోళ్ళలో నానింది.

రెక్కల_గుర్రం
పట్నం లెక్క మీద తర్వాత చాలా చర్చ జరిగింది పాత_కాపు గారూ. మరియా అబాస్కల్, డెలియా బాల్దసారి అని ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2015లో అదే సర్వే డేటాని మళ్ళీ తవ్వారు. వాళ్ళు తేల్చింది ఏంటంటే, వైవిధ్యం ఉన్నచోట నమ్మకం తక్కువగా కనిపించడానికి పెద్ద కారణం అక్కడ ఎవరు ఉంటున్నారన్నది. ఆదాయం తక్కువ, ఇల్లు తరచూ మారాల్సిరావడం, తెల్లజాతివాళ్ళు కాకపోవడం, ఇలాంటివాళ్ళు నమ్మకం తక్కువని చెప్తారు, వాళ్ళు ఎక్కువగా ఉండేది కూడా అలాంటి చోట్లే. అది అసమానతల తాలూకు బరువు, దాన్ని తీసుకెళ్ళి వైవిధ్యం నెత్తిన పెట్టేశారు.

గాలివాటం
కెనడా లెక్కలో ఆదాయాలు పట్టించుకోలేదా మరి?

లెక్కల_మనిషి
పట్టించుకున్నారు. పైగా అక్కడ తేలింది ఇంకా ఆసక్తికరం. జాతుల వైవిధ్యం ప్రభావం ఎక్కువగా కనపడింది మైనారిటీల్లో కాదు, మెజారిటీవాళ్ళలో, అందులోనూ ఆదాయం బాగా ఉండి చదువు తక్కువున్న ప్రాంతాల్లో. మతాల వైవిధ్యం ప్రభావం మాత్రం కాథలిక్కుల్లో ఎక్కువ, అది ఆదాయం, చదువు రెండూ బాగా ఉన్న చోట్ల. అంటే "వచ్చినవాళ్ళు ఇవ్వట్లేదు" అని ఎవరన్నా అంటే ఈ లెక్క దానికి ఎదురు సాక్ష్యం.

కొత్తిల్లు
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నా, కానీ చెప్పాలి. నేను ఉద్యోగం వల్ల భాష తెలియని చోటికి వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నాను. మా వీధిలో ఒకాయన ప్రమాదంలో చనిపోతే కుటుంబం కోసం చందా వసూలు చేశారని నాకు అంతా అయిపోయాక తెలిసింది. కాగితం నా గుమ్మం ముందునుంచే వెళ్ళింది. నన్ను ఎవరూ అడగలేదు. ఎందుకని తర్వాత ఒకావిడని అడిగితే "మీరు మా భాషవాళ్ళు కాదు కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని" అంది. చాలా మంచిగానే అంది, కానీ ఆ మాట నాకు చాలా రోజులు లోపల గుచ్చుకుంది. చనిపోయిన ఆయన రోజూ పొద్దున నాకు చెయ్యి ఊపేవాడు. లెక్కలు తీసేవాళ్ళ పట్టికలో నేను "ఇవ్వనివాళ్ళ" గడిలో పడతాను. అడగని మనిషి ఇవ్వలేదంటే ఏం న్యాయం?

వేపచెట్టు_నీడ
కొత్తిల్లు గారూ, మీరు రాసింది ఈ థ్రెడ్ మొత్తానికి ముఖ్యమైన మాట.

పుస్తకాల_పురుగు
దీనికి ఆధారం కూడా ఉంది. రెనే బెకర్స్, పమాలా వీప్కింగ్ అని ఇద్దరు దానం మీద వచ్చిన 500 పైచిలుకు పరిశోధనలు చదివి 2011లో ఒక సమీక్ష రాశారు. మనుషులు ఎందుకు ఇస్తారన్నదానికి 8 కారణాలు తీశారు. మొదటిది, అవసరం ఉందని తెలియడం. రెండోది, ఎవరైనా అడగడం. విలువలూ, పేరు రావడమూ, ఇస్తే మనసుకి హాయిగా ఉండడమూ, మన డబ్బు నిజంగా పనిచేస్తుందన్న నమ్మకమూ అన్నీ ఆ తర్వాతే వస్తాయి. ఇప్పుడు ఆలోచించండి, నాలుగు భాషలున్న చోట ఒకటే భాషలో మెసేజ్ పెడితే మొదటి మెట్టులోనే సగంమంది జారిపోతారు. వాళ్ళకి అవసరమే తెలీదు. అడగనూ లేదు. ఇక మనసు సంగతి మాట్లాడేది ఎక్కడ?

గాలివాటం
ఒప్పుకుంటా కానీ పూర్తిగా కాదు. నాలుగో_బ్లాక్ తలుపు తలుపు కొట్టి అడిగానన్నారుగా. అడిగినా తక్కువిచ్చారు.

నాలుగో_బ్లాక్
అడిగాం. కానీ వెళ్ళిన ముగ్గురం ఒకే భాషవాళ్ళం. కొన్ని ఇళ్ళలో మేం చెప్పింది వాళ్ళకి పూర్తిగా అర్థమైందా లేదా అన్నది ఇప్పుడు ఆలోచిస్తున్నా.

మట్టిరోడ్డు
ఎవరు అడుగుతున్నారు, ఎవరు చూస్తున్నారు అన్నదే అసలు కిటుకు. ఉగాండాలో కంపాలా నగరం పేదవాడల్లో జేమ్స్ హబ్యారిమానా, మకార్టన్ హంఫ్రీస్, డేనియల్ పోస్నర్, జెరెమీ వైన్‌స్టీన్ అని నలుగురు ఆటల్లాంటి ప్రయోగాలు చేశారు, 2007లో వచ్చింది. ఒక మనిషి చేతికి కొంత డబ్బిచ్చి, ఎదుటివాళ్ళకి ఎంతిస్తావో నీ ఇష్టం అంటారు. ఇచ్చేది ఎవరో ఎదుటివాళ్ళకి తెలియనప్పుడు జనం తమ తెగవాడికీ వేరే తెగవాడికీ తేడా చూపించలేదు. తమ మొహం ఎదుటివాళ్ళకి కనబడుతుందని తెలిసినప్పుడు మాత్రం, మామూలుగా తమకే ఉంచుకునే రకం మనుషులు తమ తెగవాడికి ఎక్కువిచ్చారు. దీన్ని బట్టి లోపల ద్వేషం ఉండి ఇవ్వట్లేదన్నమాట నిలబడదు. సొంతగుంపులో నలుగురూ ఏమనుకుంటారో అన్న లెక్క పనిచేస్తుంది, బయటిగుంపు ఏమనుకున్నా మనకి పోయేదేం లేదు కాబట్టి ఆ లెక్క అక్కడ పనిచెయ్యదు.

గాలివాటం
సరే, అంటే పేర్లూ మొత్తాలూ రాసి నోటీసుబోర్డు మీద అంటిస్తే అందరూ ఇస్తారన్నమాట!

అద్దెకున్న_అమ్మాయి
అయ్యబాబోయ్ వద్దు. మా ఆఫీసులో అలా చేశారు. ఎంతిచ్చారో పక్కన అంకె వేసి మెయిల్ పంపారు. అప్పుడే చేరిన పిల్లలు అప్పు చేసి మరీ ఇచ్చారు, తర్వాతసారి కలెక్షన్ అంటే అందరూ సీట్లోంచి మాయం. ఇచ్చేవాళ్ళ మధ్య పోటీ పెడితే ఇబ్బందిపడేది చిన్న జీతాలవాళ్ళే.

మట్టిరోడ్డు
అద్దెకున్న_అమ్మాయి గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తా. నేను చెప్పింది పేర్లు బయటపెట్టమని కాదు. వచ్చిన డబ్బు ఎక్కడికెళ్ళిందో అందరికీ కనపడాలి. ఎవరెంతిచ్చారన్నది గుట్టుగా ఉండాలి. మనం సాధారణంగా ఈ రెంటినీ తలకిందులు చేస్తాం.

పాత_కాపు
మట్టిరోడ్డు గారు చెప్పినదానికి కెన్యా ఉదాహరణ బాగా అతుకుతుంది. ఎడ్వర్డ్ మిగెల్, మేరీ కే గుగర్టీ 2005లో రాసిన పరిశోధన ప్రకారం పశ్చిమ కెన్యాలో ప్రాథమిక పాఠశాలలకి తల్లిదండ్రులు చందాలేసుకునేవాళ్ళు, తెగల వైవిధ్యం ఎక్కువున్నచోట ఆ నిధులు తక్కువ, బల్లలు, గదులు కూడా తక్కువ. స్కూలు కమిటీ మీటింగుల మినిట్స్ చదివితే అసలు సంగతి బయటపడింది. ఒకే తెగ ఉన్నచోట చందా ఎగ్గొట్టినవాడి మీద ఒత్తిడి తెచ్చేవాళ్ళు, రకరకాల తెగలున్నచోట ఎవరూ ఎవరినీ నిలదీసేవాళ్ళు కాదు.

ఇంతకంటే ముఖ్యమైంది ఇంకోటి. అదే మిగెల్ 2004లో సరిహద్దుకి అటూ ఇటూ పోల్చి చూశాడు, కెన్యాలో బుసియా జిల్లా, టాంజానియాలో మియాటు జిల్లా. రెండుచోట్లా తెగల వైవిధ్యం ఉంది. కెన్యాలో వైవిధ్యం పెరిగేకొద్దీ స్కూలు నిధులు తగ్గాయి, టాంజానియాలో తగ్గలేదు. ఎందుకు? స్వాతంత్ర్యం వచ్చాక జూలియస్ న్యెరేరే ప్రభుత్వం స్వాహిలి భాషని అందరిదీ చేసింది, పాఠ్యపుస్తకాల్లో దేశం గురించి నేర్పింది, తెగ పేరుతో రాజకీయం చెయ్యనివ్వలేదు. నాకు ఈ ఒక్క ఉదాహరణే చాలు. వైవిధ్యం ఉంటే దానం చచ్చిపోతుందన్నది ప్రకృతి నియమమైతే టాంజానియాలో కూడా చచ్చిపోవాలి.

నీలి_సిరా
న్యెరేరేది ఒకటే పార్టీ పాలన, గ్రామాలకి జనాన్ని బలవంతంగా తరలించడం లాంటివి కూడా జరిగాయి, అదంతా ఆదర్శం అనుకోవడానికి లేదు. ఐకమత్యం పేరుతో ఎవరి గొంతు నొక్కినా నాకు సమ్మతం కాదు.

పాత_కాపు
నిజమే, నీలి_సిరా గారూ. నేను మెచ్చుకున్నది ఉమ్మడి భాషనీ ఉమ్మడి బడినీ. మిగతాదాన్ని కాదు.

మోడరేటర్
ఇక్కడి పార్టీల గురించి రాసిన ఒక పోస్టు తీసేశాను. విషయం మీదే ఉండండి.

ఓ_నెగటివ్
నేను రక్తదాన శిబిరాలు నడుపుతాను, అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఒక సంగతి చెప్తా. ఏ, బీ, ఓ, ప్లస్ మైనస్ కుదిరితే చాలనుకుంటారు. ఒకసారి ఎక్కించుకుని వెళ్ళిపోయేవాళ్ళకి చాలావరకు చాలు. కానీ సికిల్‌సెల్, తలసీమియా ఉన్న పిల్లలకి ఏళ్ళతరబడి ఎక్కిస్తూనే ఉండాలి, అప్పుడు ఎర్రకణాల మీద ఉండే సీ, ఈ, కెల్ లాంటి చిన్న గుర్తులు కూడా కలవాలి, లేకపోతే ఒంట్లో యాంటీబాడీలు తయారై రానురాను ఏ రక్తమూ పడని పరిస్థితి వస్తుంది. ఈ గుర్తులు పూర్వీకుల మూలాల్ని బట్టి మారతాయి. ఒకే రకం జనం మాత్రమే రక్తమిచ్చే చోట వేరే మూలాలున్న పిల్లాడు జబ్బుపడితే వెతుకులాటే. మూలకణాల దానం ఇంకా కష్టం, అక్కడ సరిపోలే దాత సాధారణంగా అదే మూలాలున్నవాళ్ళలోనే దొరుకుతాడు.

1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన బాంబే బ్లడ్ గ్రూప్ తెలుసుగా, వాళ్ళకి ఓ గ్రూపు రక్తం కూడా పడదు, మళ్ళీ అదే గ్రూపువాళ్ళది కావాలి. అలాంటి మనిషికి రకరకాల జనం ఉన్న దాతల జాబితానే ప్రాణాధారం. శిబిరంలో నేను కళ్ళారా చూసేది ఏంటంటే, సూది గుచ్చాక ఎవరి రక్తం ఎవరికి వెళ్తుందో ఏ దాతా అడగడు. బ్యాగు మీద నంబర్, గ్రూపు, తేదీ మాత్రమే ఉంటాయి. మంచం మీద పడుకుని రబ్బరు బంతి నొక్కుతూ పక్క మంచం మీదున్న మనిషితో కబుర్లు చెప్తారు, ఇద్దరికీ భాష కలవకపోయినా.

చిట్టి_మల్లె
ఈ పోస్టు చదివాక శిబిరానికి వెళ్ళాలనిపిస్తోంది. మొదటిసారి భయంగా ఉంటుందా?

ఓ_నెగటివ్
సూది గుచ్చినప్పుడు ఒక్క క్షణం చురుక్కుమంటుంది, అంతే. తినకుండా మాత్రం రాకండి, నీళ్ళు బాగా తాగి రండి.

రెక్కల_గుర్రం
డబ్బు కాకుండా చేసే సాయంలో లెక్క తిరగబడ్డ సందర్భం ఒకటి ఉంది. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ళప్పుడు చిక్కుకుపోయినవాళ్ళకి మా ఇంటికి రండి, సాయం చేస్తాం అని ముందుకొచ్చినవాళ్ళు జాతుల వైవిధ్యం ఎక్కువున్న పేటల్లోంచి ఎక్కువని 2018లో ఒక పరిశోధన చూపించింది. రకరకాల మనుషుల మధ్య బతికేవాళ్ళు "మనుషులంతా నా వాళ్ళే" అన్న భావానికి దగ్గరగా ఉంటారని అదే పరిశోధనలో తేలింది.

గాలివాటం
విపత్తు వేరు, నెలనెలా ఇచ్చేది వేరు. బాంబు పేలినప్పుడు ఎవరైనా తలుపు తీస్తారు.

రెక్కల_గుర్రం
ఎవరైనా తీస్తే పేటకీ పేటకీ తేడా ఎందుకొచ్చింది గాలివాటం గారూ?

గాలివాటం
ఆ పాయింట్ ఒప్పుకోవాల్సిందే. కానీ నెలవారీ చందాలకి అది సమాధానం కాదన్న మాట మీదే ఉన్నా.

దూరాభారం
లెక్కల_మనిషి గారికి ఒక ప్రశ్న. ఆ కెనడా డేటా పన్ను రిటర్నులది కదా, అంటే రిజిస్టరైన సంస్థలకి ఇచ్చి రసీదు తీసుకుంటేనే లెక్కలోకి వస్తుంది. నేను వలస వచ్చినవాడిని. నా సంపాదనలో పెద్ద భాగం పుట్టిన చోట ఉన్న చుట్టాల పిల్లల ఫీజులకీ అక్కడివాళ్ళ వైద్యానికీ పోతుంది. ఇక్కడ కొత్తగా దిగినవాళ్ళకి మొదటి నెల గది, దుప్పట్లు మేమే చూస్తాం. ఏ రసీదూ లేదు. వైవిధ్యం ఎక్కువున్నచోట నాలాంటివాళ్ళే ఎక్కువ, అక్కడ దానం తక్కువ కనపడటంలో ఆశ్చర్యమేముంది.

లెక్కల_మనిషి
మీ అభ్యంతరం బలమైనదే, రసీదు లేని సాయం ఆ డేటాలోకి రాదు. కానీ దాంతో మొత్తం వివరించలేం. పైన చెప్పినట్టు తగ్గుదల ఎక్కువగా మెజారిటీవాళ్ళలో కనపడింది, వాళ్ళు దేశాంతరం డబ్బు పంపేవాళ్ళు కాదు. రెండూ పక్కపక్కనే నిజం కావచ్చు.

దూరాభారం
సరే. కానీ తమవాళ్ళకి ఇచ్చేదాన్ని తక్కువ చేసి చూడొద్దని నా మనవి. మా గదిలో దుప్పటి కప్పుకున్న కుర్రాడికి ఆ రాత్రి ఏ పెద్ద సంస్థా దొరకలేదు.

నీలి_సిరా
దూరాభారం గారూ, తక్కువ చెయ్యట్లేదెవరూ. కాకపోతే తమవాళ్ళంటూ ఎవరూ లేని మనిషి సంగతేంటి అని నా బాధ. ప్రతి గుంపూ తనవాళ్ళని బాగానే చూసుకుంటే, ఏ గుంపులోనూ లేని ఒంటరి ముసలావిడ, భర్త వదిలేసినావిడ, నాలుగో_బ్లాక్ గారి హౌస్‌కీపింగ్ ఆవిడ, వీళ్ళంతా మధ్యలో ఉండిపోతారు. ఉమ్మడి నిధి ఉండాల్సింది వాళ్ళ కోసం.

నాలుగో_బ్లాక్
నీలి_సిరా గారు నా మనసులో మాట రాశారు. మరి మీరందరూ ఏం చెయ్యమంటారు? ఆపరేషన్‌కి ఇంకా సమయం ఉంది, రెండో విడత కలెక్షన్ పెట్టొచ్చు.

కొత్తిల్లు
ప్రతి భాషవాళ్ళలోంచి ఒకరిని కూడా తీసుకెళ్ళండి. మెసేజ్ ఆ భాషల్లో ఆ మనుషుల చేతే రాయించండి. మెషిన్ అనువాదం పెట్టొద్దు, అది చదివితేనే తెలిసిపోతుంది మనల్ని లెక్కలోకి తీసుకోలేదని.

అద్దెకున్న_అమ్మాయి
అద్దెకున్నవాళ్ళని మర్చిపోవద్దు. మమ్మల్ని ఓనర్ల గ్రూపులో చేర్చరు, మెసేజే రాదు.

పుస్తకాల_పురుగు
ఇంకోటి, ఒక్కసారి డబ్బడిగి వదిలెయ్యకుండా కలిసి చేసే పని ఏదైనా పెట్టండి. గోర్డన్ ఆల్పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు, వేర్వేరు గుంపులు ఒకచోట ఉన్నంతమాత్రాన దగ్గరవ్వవు, సమాన హోదా, ఒకటే లక్ష్యం, కలిసి పనిచెయ్యడం, పైవాళ్ళ మద్దతు, ఈ నాలుగూ ఉండాలని. సల్మా మూసా అనే పరిశోధకురాలు ఇరాక్‌లో ఐసిస్ దాడులవల్ల ఇళ్ళు వదిలిన క్రైస్తవ కుర్రాళ్ళతో ఫుట్‌బాల్ లీగ్ పెట్టింది, కొన్ని జట్లలో ముస్లిం ఆటగాళ్ళని చేర్చింది, 2020లో ఫలితాలొచ్చాయి. కలిసి ఆడినవాళ్ళు లీగ్ అయిపోయిన ఆర్నెల్ల తర్వాత కూడా ముస్లింలతో కలిసి ప్రాక్టీసుకి వచ్చారు, తర్వాతి సీజన్‌కి కలగలుపు జట్టులో పేరిచ్చారు. కానీ మైదానం బయట, తెలియని ముస్లింలతో కలవాల్సిన చోట అంత మార్పు రాలేదు. అంటే నమ్మకం పెరిగింది కలిసి పనిచేసినచోట. అందుకే ఆ నమ్మకం ఎక్కడ కావాలో అక్కడే కలిసి పనిచెయ్యాలి.

గాలివాటం
అంటే కమిటీలోనే అన్ని రకాలవాళ్ళూ ఉండాలి. ఇదైతే నేనూ ఒప్పుకుంటా. డబ్బు పట్టుకునే చేతులు అందరివీ అయితే అనుమానాలకి తావుండదు.

వేపచెట్టు_నీడ
గాలివాటం ఒప్పుకున్నాడు, ఈ రోజు తేదీ రాసిపెట్టుకోండి అందరూ :)

మట్టిరోడ్డు
బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించండి, ఇద్దరూ వేర్వేరు బ్లాకులు, వేర్వేరు భాషలు. ఆస్పత్రి ఎస్టిమేట్ ముందే గ్రూపులో పెట్టండి, ఆవిడ ఒప్పుకుంటేనే, పిల్లాడి పేరు, ఫోటో లేకుండా. డబ్బు నేరుగా ఆస్పత్రికే కట్టి ఆ బిల్లు కూడా పెట్టండి. మిగిలితే ఏం చేస్తారో ఇప్పుడే చెప్పేయండి, తర్వాత గొడవలొచ్చేది అక్కడే.

నాలుగో_బ్లాక్
రెండు సంతకాల సంగతి రేపే చూస్తా. ఇంకో మూడు భాషల్లో మెసేజ్ రాయడానికి మనుషుల్ని అడిగాను, ఇద్దరు అప్పుడే సరేనన్నారు. లెక్కల_మనిషి గారూ, ఈసారి తేడా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

లెక్కల_మనిషి
మొత్తం ఎంతొచ్చిందన్న ఒక్క అంకె చూడకండి. ఎన్ని ఇళ్ళని అడిగారు, ఎన్ని ఇళ్ళు ఇచ్చాయి, ఇచ్చిన ఇళ్ళలో మధ్యస్థం ఎంత (అంటే చందాలన్నిటినీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా పేరిస్తే సరిగ్గా నడిమధ్యన వచ్చేది), ఈ మూడూ వేరువేరుగా రాయండి. సగటు తీస్తే ఒక్క పెద్ద చందా మొత్తం బొమ్మని మార్చేస్తుంది, అందుకే మధ్యస్థం అంటున్నా. ఏ భాషవాళ్ళు అడగడానికి వెళ్ళారన్నది కూడా పక్కన రాసుకోండి, పేర్లు మాత్రం వద్దు. మొదటి విడత కాగితాలు మీ దగ్గరే ఉంటే వాటినీ ఇదే పద్ధతిలో పేర్చండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఓ_నెగటివ్
గుండె ఆపరేషన్ అంటే రక్తం కూడా అవసరం పడొచ్చు. పిల్లాడి గ్రూపేంటో, ఎన్ని యూనిట్లు సిద్ధంగా ఉంచమన్నారో ఆస్పత్రిని అడిగి నాకు మెసేజ్ చెయ్యండి.

చిట్టి_మల్లె
నన్నూ ఆ లిస్టులో రాసుకోండి. నాది బీ పాజిటివ్.